మిగిలిన థాంక్స్‌గివింగ్ టర్కీని మళ్ళీ ఉడికించకండి

మీ ప్రశ్న ఇదీ: నిన్న అమెరికా పండగ థాంక్స్‌గివింగ్‌కి 18 పౌండ్ల టర్కీ కోడిని రోస్ట్ చేశారు, వస్తామన్న రెండు కుటుంబాలు రాలేదు, అత్తగారు కార్తీక మాసమని ముట్టుకోలేదు, సగానికి పైగా మిగిలిపోయింది. ఫాయిల్ కప్పి ఫ్రిజ్‌లో పెట్టారు. ఈ పొద్దున నాలుగు ముక్కలు మైక్రోవేవ్‌లో వేడి చేస్తే నీచు వాసన, నమిలితే పీచు, పిల్లలు పక్కన పెట్టేశారు. ఇప్పుడు దాన్ని కోడికూరలాగా మసాలా వేసి గంటసేపు ఉడికిస్తే బాగుపడుతుందా, లేక పారేయాలా?

పారేయకండి. గంటసేపు ఉడికించడం మాత్రం అస్సలు వద్దండి. నేను ఇక్కడ అమెరికాలో మనవాళ్ళ విందులకు చాలా ఏళ్ళుగా వంట చేస్తున్నాను, ప్రతి ఏడూ పండగ మర్నాడు శుక్రవారం ఇదే ప్రశ్న వస్తుంది, ప్రతి ఇంట్లోనూ జరిగేది కూడా ఇదే. మనకు మాంసం అంటే పచ్చిది తెచ్చి, ఉప్పూ పసుపూ పట్టించి, మెత్తబడేదాకా ఉడికించడం అలవాటు. ఈ టర్కీ అయితే నిన్ననే మూడు నాలుగు గంటలు ఓవెన్‌లో ఉడికిపోయింది, దానిలో ఇంక ఉడకాల్సింది ఏమీ లేదు. మళ్ళీ ఉడికించిన కొద్దీ మిగిలిన ఆ కాస్త తడి కూడా బయటికి పోయి ముక్క నారలాగా తయారవుతుంది. అందుకని కూర విడిగా పూర్తిగా వండుకోవాలి, నూనె పైకి తేలాక చివరి ఐదు నిమిషాల్లో టర్కీ వేసి వేడెక్కించి దింపేయాలి. నేను చెప్పబోయే అన్నిట్లోనూ పద్ధతి ఇదే.

వంట సంగతికి ముందు ఒకటి అడగాలి. నిన్న భోజనాలు అయ్యాక ఆ టర్కీ బల్లమీద ఎంతసేపు ఉంది? అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క రెండు గంటలు, ఆలోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. మధ్యాహ్నం రెండింటికి కోసి, కబుర్లూ ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యేదాకా వదిలేసి, రాత్రి ఎనిమిదింటికి లోపల పెట్టారనుకోండి, అప్పుడు మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఉంది, దాని బీజాలు వంట వేడికి చావవు, మాంసం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మళ్ళీ మొలిచి విపరీతంగా పెరుగుతాయి. తిన్న 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. ఇక్కడ నవంబర్, డిసెంబర్ నెలల్లో దీనివల్ల సామూహికంగా జబ్బుపడే కేసులు ఎక్కువని వాళ్ళ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది, కారణం ఇలాంటి విందులే. "బాగా మరిగిస్తే పోతుందిలే" అని మనవాళ్ళు అంటారు కానీ అది సగమే నిజం, స్టెఫైలోకాకస్ లాంటివి వదిలే విషం మరిగించినా పోదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ విషయంలో పొదుపు చూపించకండి.

టైముకే ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే మీకు ఇంకా వ్యవధి ఉంది. ఉడికిన టర్కీ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది, అంటే గురువారం రాత్రిది సోమవారం దాకా. నేను మాత్రం ఆదివారం రాత్రితో ముగించమని చెబుతాను, ఎందుకంటే పండగ రోజుల్లో ఫ్రిజ్ కిక్కిరిసి ఉంటుంది, తలుపు పదిసార్లు తీస్తారు, లోపల 40 డిగ్రీల ఫారన్‌హీట్ నిలబడిందో లేదో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు లేచి ఆ ఫాయిల్ తీయండి. ఎముకల గూటితో సహా పక్షిని అలాగే ఉంచడం వల్లే సగం ఇబ్బంది. అసలైతే ఈ పని రాత్రే చేయాలి, ఎందుకంటే అంత పెద్ద ముద్ద మధ్యదాకా చల్లబడటానికి చాలా టైం పడుతుంది, పైపెచ్చు ఒక రోజులో ఎండిపోతుంది కూడా. ఇప్పటికైనా చేత్తో వలిచేయండి. మూడు గిన్నెలు పెట్టుకోండి, ఒకదాంట్లో ఛాతీ మాంసం, అంటే తెల్లగా ఉండేది, రెండోదాంట్లో కాళ్ళూ తొడలూ రెక్కల దగ్గరి ముదురు రంగు మాంసం, మూడోదాంట్లో ఎముకలు, మెడ, మిగిలిన అడుగు బొడుగు. చర్మం విడిగా. ఈ మూడూ మూడు వేరే వంటలు. కలిపి ఒకే కూరలో వేశారంటే కొంత బాగుంటుంది, కొంత నమలలేరు.

నీచు వాసన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది పాడైపోయిందనుకుని చాలామంది మంచి మాంసాన్ని చెత్తలో వేస్తారు. అది కుళ్ళిన వాసన కాదు. టర్కీ కొవ్వులో గాలికి తొందరగా పాడయ్యే రకం ఎక్కువ, వండినప్పుడు మాంసంలోని ఇనుము విడుదలై ఆ పని ఇంకా వేగంగా జరిపిస్తుంది, ఫ్రిజ్‌లో ఒక రాత్రి గడిచేసరికి ఆ పాత నూనె లాంటి వాసన మొదలవుతుంది. చల్లగా ఉన్నప్పుడు అంత తెలియదు, వేడి చేయగానే గుప్పుమంటుంది. గాలి తగలకుండా ఉంచితే బాగా తగ్గుతుంది, అందుకే వలిచిన ముక్కల మీద కాస్త గ్రేవీయో స్టాకో (ఎముకలు మరిగించి తీసిన నీళ్ళు) పోసి మూత పెట్టమంటాను. వెల్లుల్లి, ఉల్లి, లవంగం లాంటివి దీన్ని అడ్డుకుంటాయని తేలింది కాబట్టి మన మసాలా ఇక్కడ రుచికి మాత్రమే కాదు, పనికి కూడా వస్తుంది. ఇప్పటికే వచ్చేసిన వాసనను మాత్రం తీసేయలేం, పులుపుతో, కారంతో కప్పాలి.

అన్నిటికన్నా ముందు ఎముకలు, ఎందుకంటే మిగతా వంటలన్నిటికీ ఆ స్టాకే ఆధారం. గూడు విరిచి పెద్ద గిన్నెలో పెట్టి, మునిగేదాకా చన్నీళ్ళు పోసి, రెండుగా కోసిన ఉల్లిపాయ, చితక్కొట్టిన అల్లం ముక్క, నాలుగు మిరియాలు, ఒక బిర్యానీ ఆకు వేయండి. ఉప్పు వేయకండి. ఇక్కడ అమ్మే ఫ్రోజెన్ టర్కీల్లో చాలావాటికి ఉప్పునీళ్ళు ముందే ఎక్కించి ఉంటాయి, కవరు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, పైగా మీరు బ్రైన్ కూడా చేసి ఉంటే, అంటే కాల్చే ముందు ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉంటే, ఎముకల్లోంచి కూడా ఉప్పు దిగుతుంది. మొదట రుచి చూడకుండా ఉప్పేసి మొత్తం కుండ పాడుచేసుకున్నవాళ్ళు ఎందరో. సన్నని సెగమీద మూడు గంటలు, బుడగ అప్పుడొకటి అప్పుడొకటి వచ్చేలా. తెర్లనిస్తే మడ్డిగా అవుతుంది, అయినా చారుకి ఫరవాలేదు. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) ఉంటే గంటంబావు చాలు. వడగట్టి, వెడల్పాటి గిన్నెల్లో పల్చగా పోసి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. రేపటికి పైన కొవ్వు గడ్డకడుతుంది, కింద స్టాక్ జున్నులా కదులుతుంటుంది. అలా గడ్డకట్టిందంటే బాగా దిగినట్టు.

ఆ స్టాక్‌తో మిరియాల చారు పెట్టండి, మీ ఇంట్లో టర్కీ అంటే మొహం తిప్పుకున్నవాళ్ళు కూడా తాగుతారు. ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, అర చెంచా ధనియాలు, ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచండి. నెయ్యిలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఆ దంచినది వేసి పచ్చి వాసన పోయాక ఒక టమాటా మగ్గించి, నాలుగు గ్లాసుల స్టాక్, ఉసిరికాయంత చింతపండు పులుసులో సగం పోసి ఒక పొంగు రానివ్వండి. అప్పుడు ఛాతీ మాంసం చేత్తో సన్నగా చీల్చి వేసి, మళ్ళీ మరుగు రాగానే పొయ్యి కట్టేసి మూత పెట్టండి. ఛాతీ మాంసంలో కొవ్వు చాలా తక్కువ, మెత్తబడే జిగురు పదార్థం కూడా దాదాపు లేదు, దానికి కావలసింది బయటినుంచి తడి. చారులో నానితే ఆ పొడితనం తెలియదు. జలుబు చేసిన ఇంట్లో దీన్ని మించింది లేదని నా నమ్మకం.

కాళ్ళూ తొడల మాంసం గోంగూరకి. ఇదే నా అసలు సలహా, మిగతావి చేయకపోయినా ఇది చేయండి. ముదురు మాంసం మళ్ళీ వేడిని తట్టుకుంటుంది, దాని రుచి కూడా ఘాటైన పులుపుకి దీటుగా నిలబడుతుంది, ఆ నీచు వాసనంతా గోంగూర కిందకి వెళ్ళిపోతుంది. నవంబర్‌లో చాలా ఊళ్ళలో తాజా గోంగూర దొరకదు, ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ ప్యాకెట్ తెచ్చుకోండి, సీసాలో నిల్వ గోంగూర అయితే దాంట్లోనే ఉప్పూ కారం ఉంటాయి కాబట్టి కూరలో అవి తగ్గించండి. నూనె కాస్త చెయ్యి జారనిచ్చి, రెండు లవంగాలు, దాల్చిన చెక్క, రెండు పెద్ద ఉల్లిపాయలు ఎర్రబడేదాకా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, చీల్చిన పచ్చిమిర్చి, పసుపు, కారం, ధనియాల పొడి వేసి, తర్వాత గోంగూర వేసి ముద్దయ్యేదాకా మగ్గించండి. అర గ్లాసు స్టాక్ పోసి నూనె పైకి తేలనివ్వండి. కూర ఇక్కడికి పూర్తయినట్టే. రుచి చూసుకుని, కాస్త ఎక్కువ పుల్లగా, ఎక్కువ కారంగా ఉన్నప్పుడే టర్కీ ముక్కలు వేయాలి, ఎందుకంటే మాంసం లోపల మసాలా పట్టి లేదు, పులుసే ఆ లోటు తీర్చాలి. మూతపెట్టి సన్నసెగన ఐదారు నిమిషాలు. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 165 డిగ్రీల ఫారన్‌హీట్ రావాలి, మిగిలిన వంటకాన్ని వేడి చేసేటప్పుడు ఇక్కడ చెప్పే లెక్క అదే. దింపేసి అరగంట అలా వదిలేసి అన్నంలో కలుపుకోండి.

బిర్యానీ చేయొచ్చా అని చాలామంది అడుగుతారు కాబట్టి, చేయొచ్చు కానీ దమ్ బిర్యానీ అనుకుని ముప్పావుగంట దమ్‌లో పెట్టకండి. పలావులాగా చేయండి. మసాలా, పుదీనా, వేయించిన ఉల్లి, పెరుగు వేసి స్టాక్‌తోనే ఎసరు పెట్టి బియ్యం వండి, అన్నం దాదాపు ఉడికి నీరు ఇంకాక, నెయ్యీ గరం మసాలా పట్టించిన ముక్కలు పైన పరిచి పది నిమిషాలు మూత గట్టిగా బిగించండి. బియ్యానికి నిజమైన రుచి స్టాక్ ఇస్తుంది. మిగిలిన అన్నాన్ని కూడా బయట వదిలేయకండి, అన్నంలో వచ్చే బ్యాక్టీరియా గొడవ వేరే ఉంది.

పిల్లల కోసం మాత్రం పఫ్‌లు. హైదరాబాద్ బేకరీల్లో కర్రీ పఫ్ తిని పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో పఫ్ పేస్ట్రీ షీట్లు దొరుకుతాయి. ఛాతీ మాంసం సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చి బఠాణీ, గరం మసాలా, కారం వేసి పొడిగా వేయించి, నిన్నటి మ్యాష్డ్ పొటాటో రెండు గరిటెలు కలపండి, అది ముద్దని పట్టి ఉంచి మాంసం పొడిబారకుండా చూస్తుంది. చల్లారాక షీట్లో మడిచి, పైన గుడ్డు రాసి 400 డిగ్రీల ఫారన్‌హీట్‌లో బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి. అదే ముద్దని బ్రెడ్ పొడిలో దొర్లించి పెనంమీద కట్లెట్‌గా వేయించుకోవచ్చు. పొద్దునపూట అయితే తరిగిన మాంసం గుప్పెడు కోడిగుడ్డు పొరటులో వేయండి, చపాతీలోకి బాగుంటుంది.

అమెరికన్ల పద్ధతి కూడా తీసిపారేయకండి. వాళ్ళు మర్నాడు ఆ టర్కీని వేడే చేయరు, చల్లగా పల్చని ముక్కలు కోసి, బ్రెడ్‌కి మయొనీస్, క్రాన్‌బెర్రీ అనే పుల్లని ఎర్ర పండ్ల సాస్ రాసి, కొంచెం స్టఫింగ్ (టర్కీతో పాటు కాల్చే బ్రెడ్ ముక్కల వంటకం) కూడా పెట్టి శాండ్‌విచ్ తింటారు. దాంట్లో మంచి తెలివి ఉంది, వేడి చేయకపోతే ఆ వాసన లేవదు, మయొనీస్ తడి ఇస్తుంది. మన నాలుకకి చప్పగా అనిపిస్తే క్రాన్‌బెర్రీ సాస్‌ని పచ్చడి చేసేయండి: నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు పెట్టి, సాస్‌లో కలిపి, ఉప్పూ కారం వేసి రెండు నిమిషాలు ఉడికిస్తే తీపీ పులుపూ కారం కలిసిన పచ్చడి అవుతుంది. పచ్చి క్రాన్‌బెర్రీలు ప్యాకెట్ మిగిలి ఉంటే మామిడికాయ పప్పులాగా కందిపప్పుతో పప్పు వండండి, మీ అత్తగారికీ పనికొస్తుంది.

స్టఫింగ్ మిగిలితే విడగొట్టి, తాలింపు వేసి, పచ్చిమిర్చి, పసుపు, నిమ్మరసంతో బ్రెడ్ ఉప్మాలాగా చేసుకోండి, నిజంగా బాగుంటుంది. కాకపోతే పక్షి కడుపులో పెట్టి కాల్చిన స్టఫింగ్ శాకాహారం కాదు, చికెన్ స్టాక్ పోసి విడిగా కాల్చినదీ కాదు. నియమంలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పండి. తెలియక తిని తర్వాత తెలిస్తే పెద్దవాళ్ళు చాలా బాధపడతారు, వాళ్ళు ఏడాదిలో ఒక నెల నిష్ఠగా పెట్టుకున్న నియమం అది.

అత్తగారి కోసం ఫ్రీజర్ ఉండనే ఉంది. ఆవిడ మామూలుగా మాంసాహారం తినేవారే అయితే, మాసం ముగిశాక తినొచ్చు. థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం కాబట్టి కొన్నేళ్ళు కార్తీకంలోనే పడుతుంది, 2024లో అలాగే నవంబర్ 28న పండగ, కార్తీకం డిసెంబర్ 1 దాకా. అలాంటి ఏడాది ముందే చిన్న పక్షిని తీసుకోవడమో, ఛాతీ ముక్క ఒక్కటే తీసుకోవడమో మంచిది. తినేవాళ్ళు మనిషికి ఒకటి, ఒకటిన్నర పౌండ్ల లెక్క చాలు, పక్షి బరువులో ఎముకలే చాలా ఉంటాయి.

ఫ్రీజర్‌లో పెట్టేది ఈ రోజే పెట్టండి, ఆదివారం దాకా తిని ఇంక విసుగొచ్చాక కాదు. ఒక పూటకి సరిపడా సంచుల్లో వేసి, ముక్కలు మునిగేలా స్టాక్ పోసి, గాలి నొక్కేసి, తేదీ రాసి పడుకోబెట్టండి. పొడిగా పెట్టినది త్వరగా రుచి పోతుంది, స్టాక్‌లో ఉన్నది సంక్రాంతి దాటినా బాగుంటుంది. ఆరు నెలలకు మించి ఉంచకండి. కరిగించడం ఫ్రిజ్‌లోనే, రాత్రి కిందకి దింపి పెడితే పొద్దుటికి సిద్ధం. గోంగూర కూర అయితే కూరగానే ఫ్రీజ్ అవుతుంది, ఇంకా మెరుగు.

చర్మం మరిచిపోయేలా ఉన్నాను. దాన్ని ట్రేలో పరిచి ఉప్పూ కారం చల్లి 400 డిగ్రీల ఫారన్‌హీట్‌లో కరకరలాడేదాకా పెట్టండి, చారన్నంలోకి వడియాల్లాగా నంజుకోవచ్చు. ఉడికిన ఎముకలు మాత్రం కుక్కకి వేయకండి, చీలి గొంతులో గుచ్చుకుంటాయి.

ఇంకొకటి, కింద కామెంట్లలో ఎవరో ఒకరు చికెన్ పచ్చడిలాగా టర్కీ నిల్వ పచ్చడి పెట్టమని రాస్తారు, నాకు తెలుసు. వద్దు. మన చికెన్ పచ్చడిలో పచ్చి మాంసాన్ని తడంతా పోయేదాకా నూనెలో వేయించి, తగినంత ఉప్పు, కారం, నిమ్మరసం లెక్కగా వేస్తాం. కాసేపు బల్లమీదా, ఒక రాత్రి ఫ్రిజ్‌లోనూ ఉన్న, లోపల తడి ఉన్న రోస్ట్ మాంసానికి అది కుదరదు, పైగా వెల్లుల్లీ నూనే కలిపి గాలి తగలకుండా బయట ఉంచిన సీసాలో బోట్యులిజం, అంటే ప్రాణం మీదకి తెచ్చే విషాహార జబ్బు, వచ్చే ప్రమాదం ఉంది. ఆ రుచే కావాలంటే కాళ్ళ మాంసం చిన్న ముక్కలు చేసి నూనెలో వేయించి, పచ్చడి మసాలాతో కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుని ఈ వారాంతంలో తినేయండి. సీసాలో పోసి ఇండియా వెళ్ళేవాళ్ళ చేతికో, వేరే ఊళ్ళో చదువుకునే పిల్లలకో పంపకండి.

ఈ రోజుకి మాంసం వలవడం, స్టాక్ పెట్టడం, సంచులు ఫ్రీజ్ చేయడం, ఈ మూడు పనులు చేయండి. శనివారం మీ ఇంట్లో మాంసం తినరంటే ఆ పూట ఊరుకోండి, ఆదివారం మధ్యాహ్నానికి గోంగూర. వండేటప్పుడు స్టాక్ మరీ ఉప్పగా తేలితే ఇక్కడే రాయండి, దానికి నీళ్ళు కలపడం కన్నా మంచి మార్గాలు ఉన్నాయి, ఎంత ఉప్పగా ఉందో చూసి చెబుతాను.